కంటి గూడు ఎముక విరిగి ఆపరేషన్ అయింది, తమ్ముడు ఇక డాక్టర్ దగ్గరికి రానంటున్నాడు

భీమవరం_అక్క
అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 24 ఏళ్లు. గత నెల మ్యాచ్ ఆడుతుంటే లెదర్ బంతి నేరుగా ఎడమ కంటికి తగిలింది. కనుగుడ్డు పగల్లేదు. కానీ కంటి గూడు అడుగు ఎముక విరిగి, లోపలి కొవ్వు కింద ఉన్న సైనస్‌లోకి (ముక్కు పక్కనుండే గాలి గదిలోకి) జారిందని సిటీ స్కాన్‌లో తేలింది. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి టైటానియం మెష్ (లోహపు జాలీ) పెట్టారు. ఈ రోజుకి 16 రోజులు.

డిశ్చార్జ్ షీటులో "2 వారాలకు ఓపీ" అని ఒక్క ముక్క రాశారు. ఆ తేదీ దాటిపోయింది. వాడేమో "వాపు తగ్గింది, చూపు బాగానే ఉంది, మళ్లీ ఛార్జీలు దండగ" అంటాడు. సోమవారం హైదరాబాద్ వెళ్లిపోయి బైక్ మీద డ్యూటీకి తిరుగుతాడట. నేను గమనించింది వేరు. పైకి చూస్తే బల్బు రెండుగా కనిపిస్తోంది. ఎడమ చెంప, పై పెదవి, పై పళ్లు మొద్దుబారి ఉన్నాయి. టీ పెదవి మీద నుంచి కారినా వాడికి తెలియట్లేదు. ఇవన్నీ మామూలేనా? అమ్మ లేదు, నాన్నకి ఇవేవీ తెలియవు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

చూపుల_పరీక్ష
అక్కా, నేను గుంటూరులో ఆప్టోమెట్రిస్టుని. 14 ఏళ్లుగా కళ్ల విభాగంలో పని చేస్తున్నాను. సర్జన్ని కాదు కాబట్టి ఆపరేషన్ గురించి చివరి మాట మీ డాక్టర్‌దే. తర్వాత జరిగే పరీక్షలు మాత్రం రోజూ నా చేతుల మీదుగానే వెళ్తాయి.

ముందు మొద్దుబారడం గురించి. కంటి గూడు అడుగు నుంచే ఒక నరం వెళ్లి చెంపకు, పై పెదవికి, పై పళ్లకు స్పర్శ ఇస్తుంది. బంతి దెబ్బకి అదీ నలుగుతుంది. స్పర్శ నెలల మీద మెల్లగా తిరిగి వస్తుంది. చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు అనిపిస్తే నరం కోలుకుంటోందని ఎక్కువసార్లు అర్థం. కొందరికి కాస్త మిగిలిపోతుంది. అప్పటిదాకా వేడి వేడి టీ, కాఫీ జాగ్రత్త. పెదవి కాలినా తెలియదు.

రెండుగా కనిపించడం ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు ఉండొచ్చు. వాపు వల్ల, కంటిని తిప్పే కండరం నలిగి ఉండటం వల్ల. ఉందా లేదా అన్నదానికన్నా, తగ్గుతోందా, ఆగిపోయిందా, పెరుగుతోందా అన్నదే మాకు ముఖ్యం. దానికి హెస్ చార్ట్ అని ఒక పరీక్ష ఉంది. రెండు కళ్లూ ఏ వైపు ఎంత కదులుతున్నాయో గీత గీసి చూపిస్తుంది. మొదటి చార్ట్ ఇప్పుడు తీస్తేనే మూడు నెలల తర్వాత తీసిన దాంతో పోల్చగలం. మీ తమ్ముడు మానేస్తానంటున్న విజిట్‌లో జరగాల్సింది ఇదే.

ఇంట్లో ఒక పని చేయండి. నోట్‌బుక్‌లో తొమ్మిది గడులు గీయండి. నేరుగా, పైకి, కిందికి, కుడికి, ఎడమకి, నాలుగు మూలలకి. తల కదపకుండా మీ వేలు చూడమని, ఎక్కడ రెండుగా కనిపిస్తే ఆ గడిలో గుర్తు పెట్టండి. వారానికొకసారి, తేదీ వేసి. డాక్టర్‌కి అది చూపిస్తే మీరు పది నిమిషాలు చెప్పే మాటకన్నా ఎక్కువ తెలుస్తుంది.

బైక్ మాత్రం వద్దు. రెండుగా కనిపించేవాడికి లారీ ఏ వైపు ఉందో తెలియదు.

నల్లమల_గాలి
ముక్కు చీదొద్దని చెప్పారా? మా అన్నయ్యకి ఎవరూ గట్టిగా చెప్పలేదు. జలుబు చేసి ఒక్కసారి గట్టిగా చీదాడు. నిమిషంలో రెప్ప బెలూన్‌లా ఉబ్బింది. నొక్కితే లోపల చిటపటమని చప్పుడు. ఇంటిల్లిపాదీ హడలిపోయాం.

చూపుల_పరీక్ష
సరిగ్గా అదే. విరిగిన చోట సైనస్‌కి, కంటి గూటికి మధ్య దారి ఉంటుంది. చీదితే గాలి, దాంతోపాటు సైనస్‌లోని క్రిములు కంటి వెనక్కి వెళ్తాయి. తక్కువలో తక్కువ నాలుగు వారాలు, లేదా సర్జన్ చెప్పినంత కాలం, చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, ఆపుకోకూడదు. బెలూన్లు, శంఖం, సన్నాయి ఊదకూడదు. మన దగ్గర చాలామంది మర్చిపోయేది ప్రాణాయామం. కపాలభాతి, భస్త్రిక, జలనేతి ఆపాలి. బరువులు ఎత్తడం కూడా. విమానం ఎక్కాలన్నా సర్జన్‌ని అడిగాకే.

పాలకంకి
అక్కా, కంగారు పడకండి. మా అమ్మమ్మ కంటికి ఏ దెబ్బ తగిలినా తల్లిపాలు రెండు చుక్కలు వేసి, ఉల్లిపాయ వేడి చేసి కాపడం పెట్టేది. వాపంతా లాగేస్తుంది. మందులు ఎక్కువ వాడితే వేడి చేస్తుంది.

కొబ్బరితోట
పాలకంకి గారూ, మీరు మంచి మనసుతో చెప్పారు, కాదనను. కానీ ఆపరేషన్ అయిన కంట్లో తల్లిపాలు వేయొద్దండి, అందులో సూక్ష్మజీవులుంటాయి. ఈ చెంప అసలే మొద్దుబారి ఉంది. కాపడం వేడి ఎక్కువైనా అబ్బాయికి తెలియదు, చర్మం బొబ్బలెక్కుతుంది.

నా సంగతి చెప్తాను, భీమవరం_అక్క గారు మీ తమ్ముడికి చదివి వినిపించండి. మాది అమలాపురం. చెట్టు మీద నుంచి కొబ్బరికాయ జారి కుడి కంటి మీద పడింది. గూడు ఎముక చిన్నగా పగిలింది, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. కంటి ముందు గదిలో రక్తం నిలిచి వారంలో కరిగింది. ఆరు వారాలకి రమ్మన్నారు, యాంగిల్ చూస్తామన్నారు. నాకు అర్థం కాలేదు, చూపు బాగుంది కదా అని వెళ్లలేదు.

నాలుగేళ్ల తర్వాత కళ్లజోడు కోసం వెళ్తే కుడి కంటి ప్రెషర్ 38. చూపు నరం సగానికి పైగా దెబ్బతింది. నొప్పి లేదు, ఎరుపు లేదు, ఏమీ లేదు. అంచుల చూపు పోయింది, అది తిరిగి రాదు. దెబ్బ తగిలిన రోజే కంట్లో నీరు బయటికి పోయే మూల చీలిందట. కొన్నాళ్లు బాగానే పని చేసి తర్వాత ఎప్పుడో మొరాయిస్తుందట. ఇప్పుడు రోజూ రెండు రకాల చుక్కలు వేసుకుంటున్నాను. ఆ ఆరు వారాల విజిట్‌కి నేను వెళ్లి ఉంటే ఏటా ప్రెషర్ చూపించుకోమని చెప్పేవారు. ఏటా ఒక పూట. అంతే పట్టేది.

భీమవరం_అక్క
అన్నయ్యా, మీ పోస్టు వాడికి చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు. కానీ బ్యాగు సర్దడం ఆపాడు.

చూపుల_పరీక్ష
కొబ్బరితోట గారు చెప్పినదాన్ని యాంగిల్ రిసెషన్ అంటారు. కంటికి లెన్స్ పెట్టి ఆ మూలని చూసే పరీక్ష గోనియోస్కోపీ. దెబ్బ తగిలిన నాలుగు నుంచి ఆరు వారాల మధ్య చేస్తారు, ముందే చేస్తే మళ్లీ రక్తస్రావం కావచ్చు. చీలిక సగం చుట్టు కన్నా ఎక్కువ ఉంటే ప్రెషర్ పెరిగే ముప్పు ఎక్కువ. పెద్దదైనా చిన్నదైనా జీవితాంతం ఏటా చూపించుకోవాలి.

ఇంకొకటి రెటీనా. చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేసి అంచుల దాకా చూడాలి. దెబ్బ రోజున బాగున్నా కొన్ని వారాల తర్వాత మళ్లీ చూడమంటారు, ఎందుకంటే చిన్న చిరుగు మెల్లగా విడివడుతుంది. మెరుపులు, నల్లటి మసి తేలినట్టు చుక్కలు, తెర దించినట్టు నీడ కనిపిస్తే మర్నాటిదాకా ఆగకూడదు.

ఎముక డాక్టర్ ఎముక చూస్తాడు. నోరు, దవడ సర్జన్ ప్లేట్ చూస్తాడు. కన్ను లోపల ఎవరు చూశారు అని మీరే అడగాలి. నా దగ్గరికి ఆలస్యంగా వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే జారిపోయారు.

వరంగల్_అమ్మ
నాది కొంచెం వేరే. మా బాబుకి 9 ఏళ్లు. బడిలో ఇంకో పిల్లాడి మోచెయ్యి తగిలింది. కన్ను ఎర్రబడలేదు, కమలలేదు, తెల్లగా మామూలుగా ఉంది. కానీ వాంతులు. తలకి దెబ్బ అనుకుని మొదట తీసుకెళ్లిన చోట తల స్కాన్ తీసి పంపేశారు. మర్నాడు పైకి చూడమంటే ఆ కన్ను కదల్లేదు, నొప్పితో ఏడ్చాడు. వేరే చోట చూపిస్తే పిల్లల ఎముక మెత్తన కాబట్టి తలుపులా తెరుచుకుని కండరాన్ని నొక్కి మళ్లీ మూసుకుందన్నారు. పెద్దవాళ్లకైతే వాపు తగ్గేదాకా ఆగుతారట, వీడికి ఆ రాత్రే ఆపరేషన్ చేశారు.

ఇప్పుడు అయిదో నెల. పైకి చూస్తే కొద్దిగా రెండుగా ఉంది. కంటి వ్యాయామాలు చేయిస్తున్నాం. ఇంకా తగ్గుతుందా?

చూపుల_పరీక్ష
అమ్మా, మొదటి ఆరు నెలలు మార్పు వస్తూనే ఉంటుంది. నేరుగా చూసినప్పుడు, కిందికి చూసి చదివేటప్పుడు ఒకటిగా ఉంటే బాబు రోజు గడిచిపోతుంది. వాడు తల వెనక్కి వంచి లేదా గడ్డం ఎత్తి చూస్తున్నాడేమో గమనించండి. అలా చేస్తుంటే రెండుగా కనిపించడాన్ని తప్పించుకుంటున్నట్టు. రెండు మూడు చార్టులు ఒకేలా వచ్చాక, అప్పుడు మిగిలింది ఎంతో చూసి ప్రిజం అద్దాలా (రెండు బొమ్మల్ని ఒకటిగా కలిపేవి), మెల్లకంటి ఆపరేషనా అని ఆలోచిస్తారు. అద్దం మీద అంటించే ప్రిజం రేకు కూడా ఉంటుంది, పరిస్థితి మారుతుంటే తీసి వేరేది అంటించొచ్చు.

వాంతులు, తెల్లటి కన్ను, పైకి కదలని చూపు. ఈ మూడూ కలిసి కనిపిస్తే ఆగకూడదని ఇక్కడ చదివే తల్లిదండ్రులందరూ గుర్తుపెట్టుకోండి. మీరు మర్నాడైనా పట్టుకున్నారు, అది మీ బాబు అదృష్టం.

దోహా_కార్మికుడు
నాకూ ఒక డౌట్. మూడేళ్ల కింద ఇక్కడ సైట్‌లో పైపు తగిలి కంటి కింద ప్లేట్ వేశారు. ఇప్పుడు నడుం నొప్పికి ఎంఆర్ఐ రాశారు. ప్లేట్ ఉంటే మిషన్ లాగేస్తుందని రూమ్‌లో వాళ్లు భయపెడుతున్నారు.

చూపుల_పరీక్ష
టైటానియం అయస్కాంతానికి అంటుకోదు, మామూలుగా ఎంఆర్ఐ తీస్తారు. అయినా ఫారంలో తప్పకుండా రాయండి, ఆపరేషన్ కాగితం చూపించండి. దానిమీద అతికించే ఇంప్లాంట్ స్టిక్కర్ ఉంటే మరీ మంచిది. భీమవరం_అక్క గారూ, మీరూ ఆ స్టిక్కర్ ఫోటో తీసి పెట్టుకోండి.

కానీ అన్నా, ఒకటి అడుగుతాను. ఎప్పుడైనా గ్రైండింగ్, వెల్డింగ్ చేశారా? కంట్లో ఇనుప రవ్వ పడిందా? అలా అయితే ఎంఆర్ఐకి ముందే చెప్పండి, ఎక్స్-రేనో సిటీనో తీసి చూస్తారు. ప్లేట్ కంటే ఆ రవ్వే ప్రమాదం. ఇనుము కదిలితే కన్ను పోతుంది.

దోహా_కార్మికుడు
గ్రైండింగ్ ఆరేళ్లు చేశాను. ఒకసారి రవ్వ తీయించుకున్నాను కూడా. ఇది ఎవరూ అడగలేదు. రేపే చెప్తాను. థాంక్స్ అన్నా.

మంజీర
మాది సంగారెడ్డి. ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు, మా బాపుది దెబ్బ కాదు. 2021 మే నెలలో కరోనా తగ్గాక బ్లాక్ ఫంగస్ వచ్చింది. షుగర్ 400 దాటింది, స్టెరాయిడ్లు పడ్డాయి. అప్పుడు హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రినే దీనికి ముఖ్య కేంద్రం చేశారు. మంచాలు దొరకని రోజులు. బాపు ప్రాణం కోసం కుడి కన్నుతో పాటు గూట్లో ఉన్నదంతా తీసేయాల్సి వచ్చింది.

అందరూ ప్రాణం దక్కింది కదా అన్నారు. ఇంటికి వచ్చాక ఆ గుంటను ఎవరు కడగాలి, ఎలా కడగాలి అన్నది మాకు రెండు మాటల్లో చెప్పి పంపారు. మొదటి నెల నేనే చేశాను. చేతులు సబ్బుతో కడుక్కుని, మరిగించి చల్లార్చిన ఉప్పునీళ్లతో పక్కు నానబెట్టి, లాగకుండా మెల్లగా తీయడం. బాపు అద్దం చూసేవాడు కాదు. అన్నం దగ్గర కూడా మొహం పక్కకి తిప్పుకునేవాడు. ఆ మౌనం ఇంట్లో ఏడాది ఉంది.

తర్వాత మాకు తెలిసిన సంగతులు చెప్తాను. పోసాకొనజోల్ అనే ఫంగస్ మాత్రలు డాక్టర్ ఆపమనేదాకా ఆపకూడదు. ముక్కులో ఎండోస్కోపీ, ఎంఆర్ఐ వాళ్లు చెప్పిన తేదీలకే చేయించాలి. ఆంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు ఎక్కించినన్ని రోజులూ కిడ్నీ, పొటాషియం రక్తపరీక్షలు చేసేవాళ్లు, ఆ కాగితాలు దాచండి. అంగిట్లో నల్లమచ్చ, పళ్లు కదలడం, మళ్లీ చెంప వాపు, తలనొప్పి కనిపిస్తే ఫంగస్ తిరిగి వచ్చిందేమోనని అదే రోజు వెళ్లాలి. అన్నిటికన్నా ముందు షుగర్.

ఇప్పుడు బాపుకి కళ్లజోడుకి అతికించిన సిలికాన్ ముఖభాగం ఉంది. రెప్ప, కన్ను, కనుబొమ్మ అన్నీ చర్మం రంగులోనే. మొదటిసారి అది పెట్టుకుని పెళ్లికి వచ్చాడు.

ఆటో_అన్న
మంజీర తమ్మీ, మీ బాపుకి నా నమస్కారం.

నాది కర్నూలు. పటాకి పేలి ఎడమ కన్ను పోయి 11 ఏళ్లు. కనుగుడ్డు తీసి లోపల గుండు పెట్టి, ఆరు వారాలకి కృత్రిమ కన్ను చేసి ఇచ్చారు. మొదట్లో షాపులో రెడీమేడ్ కన్ను పెట్టుకున్నా. కొలతకి సరిపోక పుసి, ఎరుపు, రెప్ప వాలడం. తర్వాత హైదరాబాద్‌ ఎల్వీ ప్రసాద్‌లో కొలత తీసి, పక్క కన్ను చూసి రంగు వేసి చేశారు. తేడా మాటల్లో చెప్పలేను. మా పాప మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూసింది.

దీన్ని రోజూ తీసి కడగక్కర్లేదు. ఎక్కువ తీస్తే లోపల పొర రేగుతుంది. తీసినప్పుడు మాత్రం సబ్బు, నీళ్లే. స్పిరిట్, శానిటైజర్ అసలు తగలకూడదు, ప్లాస్టిక్ పగుళ్లిస్తుంది. ఏడాదికొకసారి పాలిష్. అయిదేళ్లకి అటూ ఇటూగా కొత్తది, ఎందుకంటే గూడు లోపల ఆకారం మారుతుంది. పిల్లలకైతే ముఖం పెరుగుతుంది కాబట్టి ఇంకా త్వరగా మార్చాలి.

అసలు సంగతి ఇంకోటి. ఒక కన్నే ఉన్నవాడు ఎప్పుడూ పాలీకార్బొనేట్ అద్దాలు పెట్టుకోవాలి. పవర్ లేకపోయినా సరే. మిగిలిన కన్నుకి రాయి తగిలితే మన బతుకంతా అయిపోయినట్టే. నేను నిద్రపోయేటప్పుడు తప్ప తీయను.

సదరం (వైకల్య) సర్టిఫికెట్ గురించి చాలామంది అడుగుతారు. రెండో కన్ను బాగుంటే ఒక కన్ను పోయినదానికి 30 శాతమే వేస్తారు. కనీసం 40 ఉంటేనే పెన్షన్ లాంటివి. దళారులకి డబ్బు పోసుకోకండి.

కృష్ణాతీరం
థైరాయిడ్ వల్ల కళ్లు ఉబ్బేవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? మా ఆయనకి ఏడాదిగా ఉంది. థైరాయిడ్ డాక్టర్ రక్తపరీక్ష నార్మల్ అంటారు, కానీ కళ్లు ఇంకా ముందుకే ఉన్నాయి. రాత్రి రెప్పలు పూర్తిగా మూతపడవు.

చూపుల_పరీక్ష
అక్కా, రక్తంలో థైరాయిడ్ సర్దుకున్నా కంటి జబ్బుకి దాని దారి దానిది. మంట దశ ఏడాదిన్నర, రెండేళ్లు నడిచి తర్వాత చల్లబడుతుంది. ఆ మధ్యలో ప్రతి విజిట్‌కి కన్ను ఎన్ని మిల్లీమీటర్లు ముందుకుందో హెర్టెల్ పరికరంతో కొలిచి రాస్తారు. మీ దగ్గర పాత అంకెలుంటే పట్టుకెళ్లండి.

ఆయన సిగరెట్ తాగుతారా? తాగితే ఈ రోజే ఆపాలి. ఈ జబ్బు ముదరడానికి మన చేతిలో ఉన్న అతిపెద్ద కారణం అదే. థైరాయిడ్‌కి రేడియో అయోడిన్ ఇస్తామంటే కళ్ల సంగతి ముందు చెప్పండి, దాంతో కళ్లు ముదిరే అవకాశం ఉంది. రాత్రి జెల్ వేసి, రెప్పలకి టేప్ అంటించి, తల కింద ఎత్తుగా పెట్టుకోమనండి.

ఇంట్లో కుంకుమ భరిణె ఉంటుంది కదా. వారానికొకసారి ఒక్కో కన్ను మూసి దాన్ని చూడమనండి. ఒక కంటికి ఎరుపు వెలిసినట్టు, ఇటుక రంగులా కనిపిస్తే చూపు నరం నొక్కుకుంటోందని అనుమానించాలి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఆపరేషన్లు అవసరమైతే ఒక వరస ఉంటుంది: ముందు గూటిలో జాగా పెంచడం, తర్వాత మెల్ల సరిచేయడం, చివర రెప్పలు. ముందే రెప్పలు చేయించుకుంటే తర్వాత మళ్లీ చేయాల్సి వస్తుంది.

కృష్ణాతీరం
రోజుకి ఒక ప్యాకెట్ తాగుతారు. మీ పోస్టు ఆయన ఫోన్‌కి పంపాను.

భీమవరం_అక్క
క్షమించండి, పది రోజులు రాలేదు. వెళ్లొచ్చాం.

తొమ్మిది గడుల కాగితం డాక్టర్ గారికి చూపిస్తే దాన్ని ఫైల్‌లో పెట్టుకున్నారు. నేరుగా, కిందికి ఒకటే. పైకి మాత్రమే రెండు, అదీ మొదటి వారం కన్నా తగ్గింది. హెస్ చార్ట్ తీశారు. మెష్ చోటు మారలేదు. రెండు కళ్లకీ లోతులో తేడా 1 మిల్లీమీటరు, పైకి కనిపించదన్నారు. నెలనెలా నేరుగా ఒకటి, తల వెనక్కి వంచి కింద నుంచి ఒకటి ఫోటో తీయమన్నారు. కన్ను లోపలికి వెళ్తుంటే అందులో ముందు తెలుస్తుందట.

తర్వాత నేను "కన్ను లోపల ఎవరు చూస్తారండీ" అని అడిగాను. కింద కళ్ల విభాగానికి పంపారు. ఎడమ కంటి ప్రెషర్ 27. కుడిది 15. స్టెరాయిడ్ చుక్కల వల్ల కావచ్చని అవి ఆపి ప్రెషర్ చుక్కలు రాశారు. వారం తర్వాత గోనియోస్కోపీ చేస్తే మూల చీలి ఉంది, సగం కన్నా కాస్త ఎక్కువే. రెటీనా బాగుంది.

కొబ్బరితోట అన్నయ్యా, ఆ అంకె విన్నప్పుడు నాకు మీ పోస్టే గుర్తొచ్చింది. అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

కొబ్బరితోట
ఏడవకు తల్లీ. 27 దగ్గర పట్టుకున్నారు. నాకు 38 దగ్గర తెలిసింది. చుక్కలు మానకుండా వేయించు. వేశాక ముక్కు మూల దగ్గర వేలితో ఒక నిమిషం నొక్కి పట్టమను, మందు గొంతులోకి పోకుండా కంట్లోనే ఉంటుంది.

భీమవరం_తమ్ముడు
నమస్తే. నేనే ఆ తమ్ముణ్ని. అకౌంట్ ఈ రోజే తెరిచాను. బైక్ ఇంకా ముట్టుకోలేదు, ఆఫీసు బస్సులో వెళ్తున్నాను. నిన్న ప్రెషర్ 17 వచ్చింది. పై పెదవికి చీమలు పాకుతున్నట్టు ఉంది.

వరంగల్_అమ్మ గారూ, మీ బాబుకి చెప్పండి. మెట్లు ఎక్కేటప్పుడు, బోర్డు చూసేటప్పుడు రెండుగా కనిపిస్తే సిగ్గుపడక వెనక బెంచీకి మార్చమని టీచర్‌ని అడగమనండి. నేను ఆఫీసులో మానిటర్‌ని కిందికి దించుకున్నాను. మెడ నొప్పి తగ్గింది.

కొబ్బరితోట అన్నా, మీకు చుక్కలు వేసుకున్నాక కన్ను మండుతుందా? నాకు పొద్దున వేసేది మండుతోంది, రాత్రిది మండట్లేదు.

కొబ్బరితోట
నాకూ మొదట్లో మండేది. వచ్చే విజిట్‌లో రెండు సీసాలూ పట్టుకెళ్లి ఏది మండుతోందో చూపించు, అవసరమైతే వేరేది రాస్తారు. నీ అంతట నువ్వు మాత్రం ఆపకు. విజిట్ ఎప్పుడు?

భీమవరం_తమ్ముడు
వచ్చే నెల 12న. అక్క కూడా వస్తానంది.